అడుగక కుదిరిన పొత్తులు

ఋషికొండ తీరమున నిలిచి తూర్పు సముద్రమును జూచువా రొక్క సంగతిని మఱువరాదు. 1939 సెప్టెంబరులో రాజప్రతినిధి లిన్లిత్‌గో ప్రభువు భారతీయుల నడుగకయే యీ దేశమును యుద్ధమున దింపెను. 1942 ఏప్రిల్ 6వ తేదీని జపాను విమానములు విశాఖపట్టణముపై బాంబులు గురిపించెను. నిర్ణయము పరులది, మూటాముల్లెలతో పల్లెలకు బరుగిడినవారు మనవారు.

నేడు విజృంభించుచున్న శక్తి చైనా. 2020 జూనులో గల్వాను లోయయందు మన సైనికు లిరువదిమంది నేలకొరిగిరి. అపాయము కల్ల యని మేమనము. ఆ నవంబరున అమెరికా, జపాను, ఆస్ట్రేలియా నౌకలు మన నౌకలతో గూడి విశాఖ చెంత ‘మలబారు’ విన్యాసములు సలిపినవి. 2024 అక్టోబరున మరల సలిపినవి. నాటి శత్రువు నేటి మిత్రుడు! మైత్రిని మేము కాదనము; ఎవరి సమ్మతిపై నని యడుగుచున్నాము.

ఐరోపా సమాఖ్య 2019లో చైనాను భాగస్వామి, పోటీదారు, ప్రత్యర్థి యని మూడు పేర్లతో బిలిచెను. అయినను రక్షణనీతిని నిర్ణయించునపుడు అచట చిన్న మాల్టా సైతము కాదని యడ్డుపడగలదు. మన చతుష్కూటమికి సంధిపత్రమే లేదు. అమెరికా నౌకలు మన రేవులలో నింధనము బొందుటకు వీలిచ్చిన 2016 నాటి యొడంబడిక ప్రభుత్వపు సంతకముతోనే కుదిరినది. సంధులకు పార్లమెంటు ఆమోదము గావలెనని మన రాజ్యాంగము విధింపలేదు.

ఈ లోపమును సవరింపవలయును. పొత్తులు కుదుర్చుకొనుడు; కాని మా రేవును పణముగ నొడ్డుటకు ముందు మా ప్రతినిధుల నడుగుడు. అడుగని ప్రభుత్వము పరులదైన నేమి, మనదైన నేమి?