22వ తల ఎవరిది?

డిగ్రీ చదివే రోజుల్లో హాస్టల్లో కూర్చుని ఒక నవల చదివి ఏడ్చాను. చార్లెస్ డికెన్స్ 1859లో రాసింది. తెన్నేటి సూరి ‘రెండు మహానగరాలు’ పేరుతో తెలుగు చేశారు. ఈ మధ్య మళ్లీ చదివాను. ఈసారి ఏడుపు ఇంకోచోట వచ్చింది.

కథ ఫ్రెంచి విప్లవం నాటిది. సిడ్నీ కార్టన్ లండన్‌లో లాయరు. తెలివికి తక్కువ లేదు, తాగుడికీ తక్కువ లేదు. రాత్రంతా కూర్చుని కేసులు తయారుచేసేది ఇతను, కోర్టులో పేరు కొట్టేసేది ఇంకో లాయరు. అట్లా బతుకు పాడుచేసుకున్నోడు చివరికి తను ప్రేమించిన లూసీ కోసం, ఆమె భర్త డార్నే బదులు గిలెటిన్ కింద తల పెట్టాడు. ఒక్క త్యాగంతో మనిషయ్యాడన్నారు అందరూ. నేనూ అన్నాను.

మరి బతికి బయటపడ్డ డార్నే ఎవరు? ఫ్రాన్సు దొరల బిడ్డ. ఆస్తి వద్దనుకున్నాడు, మంచోడే, కాదనను. కానీ అతని బాబాయి కన్ను ఒక కౌలురైతు బిడ్డ మీద పడింది. ఆమెని ఒప్పించమని మొగుణ్ని పశువులా బండికి కట్టారు. దొరల నిద్ర చెడకుండా రాత్రంతా కప్పల నోరు మూయించమన్నారు. అతను చచ్చిపోయాడు. అడ్డుపడ్డ ఆమె తమ్ముడు దొర కత్తికి పోయాడు. ఆ ఇంటి కోసం ప్రాణమిచ్చే కార్టన్ ఎవడూ రాలేదు. మిగిలిన చెల్లెలు పగబడితే మాత్రం డికెన్స్ ఆమెని రాక్షసిని చేశాడు!

కార్టన్ ఎక్కిన బండిలోనే ఒక కుట్టుపని పిల్ల ఉంది. అనాథ. ఏ కుట్రా ఎరగదు. పేదలకి మేలు జరిగేదైతే చావడానికి సిద్ధమేగానీ, నా చావుతో ఏం మేలో తెలీడం లేదంటుంది. భయమేసి అతని చెయ్యి పట్టుకోనివ్వమంది. అతను కడదాకా ఆ చెయ్యి వదల్లేదు. ఆమె తల 22వది, అతనిది 23వది. కార్టన్ పేరు లోకమంతా తెలుసు. ఆమెకి నవల్లో పేరే లేదు.

నా మాట ఇదీ. కార్టన్ మనిషయింది కత్తి కింద కాదు, ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నప్పుడు. లూసీ అతను ప్రేమించిన మనిషి. ఈ పిల్ల ఏమవుతుంది? ఏమీ కాదు. అయినా పట్టుకున్నాడు.

తమ్ముళ్లారా, మన వాడల్లోనూ కార్టన్లున్నారు. చదువుకున్నోళ్లు, తెలివి ఇంకొకడి పేరు కింద అమ్ముకుని సాయంత్రం సీసా పట్టేవాళ్లు. ఒక్క చావుతో అన్నీ కడుక్కోవచ్చని వాళ్లకి చెప్పొద్దు. మనోళ్ల చావులు ఇప్పటికే ఎక్కువైనాయి. చెయ్యి పట్టుకోవడానికి చావక్కర్లేదు. ఈ సాయంత్రం సీసా పక్కన పెట్టి, ఆఫీసు చుట్టూ తిరుగుతున్న ముసలమ్మకి పింఛను కాగితం రాసివ్వండి. అక్కడ మొదలుపెడదాం.