ఆ తిమ్మిరి వయసుది కాదు

"ఈ వయసు ఆడవాళ్ళకు మామూలే!" నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టే స్త్రీల చేతుల తిమ్మిరికి నేను పదేపదే విన్న జవాబిది.

తునికాకు కత్తిరించాలి, చుట్టాలి, దారం కట్టాలి. కూలీ వెయ్యి బీడీల లెక్కన గనక మణికట్టుకు విశ్రాంతి లేదు. అక్కడి ఇరుకు దారిలో నరం నలిగి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారతాయి. కార్పల్ టనెల్ సిండ్రోమ్ అంటే ఇదే. థైరాయిడ్, మధుమేహం కూడా కారణాలే, కాదనను. కానీ డాక్టర్లు కాన్పులడుగుతారు, రోజుకెన్ని బీడీలని అడగరు. (బట్టలు పిండే చాకిరీ సంగతి సరేసరి!)

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లోనే దీన్ని వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది. మన 1923 నష్టపరిహార చట్టం పట్టికలో దీనికి చోటే దక్కలేదు. ఇంట్లో బీడీ చుట్టే మనిషీ కార్మికురాలేనని 1966 చట్టం ఒప్పుకుంది, ఆమె చేతికొచ్చిన జబ్బు మాత్రం సొంత వ్యవహారమట!

ఈసారి మనం పెట్టే వైద్యశిబిరంలో చీటీ మీద వయసు పక్కనే "రోజుకెన్ని బీడీలు?" అన్న గడి కూడా వేయిద్దాం.