తప్పు వెతికినోడికి మార్కులేవి?

బనగానపల్లె మామిడితోటలో డ్రిప్పు మోటారు కోసం మేం పెట్టింది రెండే బోర్డులు. మట్టిలో తేమ చూసేందుకు ఆర్డుయినో యూనో, ఫోనుకు కబురు పంపేందుకు ఈఎస్‌పీ8266. ల్యాబులో రెండూ చక్కగా మాట్లాడుకున్నాయి. తోటలో మాత్రం సీరియల్ మానిటర్ నిండా పిచ్చి గుర్తులే! మూడు రోజులు కోడ్ మారుస్తా కూర్చున్నాం. బాడ్ రేటు రెండువైపులా 9600. టీఎక్స్ పోయి ఆర్ఎక్స్‌లోనే కలిసింది. 5 వోల్టులను 3.3కి దించే రెసిస్టర్లూ పెట్టినాం.

తోట పెద్దాయన అడిగినాడు: "రెంటికీ కరెంటు యాడినుంచి వస్తాంది నాయనా?"

అప్పుడు తట్టింది. ల్యాబులో రెండూ ఒకే ల్యాప్‌టాప్‌కు తగిలించినాం కాబట్టి గ్రౌండ్ దానంతటదే కలిసింది. ఇక్కడ వేర్వేరు బ్యాటరీలు. ఏది సున్నా వోల్టో ఒప్పందమే లేనప్పుడు ఏది 1, ఏది 0 అని ఎట్లా తేలుతుంది? నల్లవైరు ఒకటి కలిపితే అంకెలొచ్చేశాయి.

నా గొడవల్లా ఒకటే. ల్యాబ్ పరీక్షలో ప్రోగ్రాం రాస్తే మార్కులు, తప్పు పట్టుకుంటే సున్న. రికార్డుల్లో అందరి ఔట్‌పుటూ మొదటిసారే వచ్చేసుంటుంది (నాది కూడా). ఒక్క సెమిస్టరన్నా ఏదో ఒక వైరు పీకేసిన సర్క్యూట్ చేతికిచ్చి, కనుక్కోమని అడగండి సార్. మల్టీమీటర్లు బీరువాలోనే ఉన్నాయి, తాళం తీస్తే చాలు.