కారవాన్ బస అడవి అంచునే మేలు

కారవాన్ పర్యాటకానికి కేరళ, మహారాష్ట్ర 2021లోనే విధానాలు ప్రకటించాయి. కేరళలో కనీసం 50 సెంట్ల స్థలం, ఐదు వాహనాలకు చోటు ఉంటే కారవాన్ పార్కు పెట్టుకోవచ్చు. ఈ బండికి అసలు ఆకర్షణ రాత్రి బస. మన జాతీయ పార్కుల్లో మూతపడేదీ రాత్రే. బందీపూర్ గుండా వెళ్లే హైవేపై 2009 నుంచి రాత్రి 9 మొదలు ఉదయం 6 దాకా, కొన్ని బస్సులు, అత్యవసర వాహనాలు తప్ప మిగతావన్నీ ఆగిపోవాల్సిందే. ఆ ఆంక్షను సడలించడం పరిష్కారం కాదు. సరిహద్దు గ్రామాల్లో చోటు చూపాలి. బండి అద్దెకు తోడు పార్కింగుకూ రిసార్టు ధర చెల్లించాల్సి వస్తే సామాన్యుడికి చవక ఎక్కడిది? పంచాయతీయే కరెంటు, నీళ్లు, మురుగు ట్యాంకు ఏర్పాటు చేస్తే రుసుము తగ్గుతుంది, ఆదాయం గ్రామానికే మిగులుతుంది. ట్యాంకు లేకుండా అనుమతులిస్తే మాత్రం ఆ మురుగు చేరేది ఏనుగులు తాగే వాగులోకే.