కిరీటం లేని పెన్నీ

పిల్లలూ! అంగడివాడు చిల్లర ఇచ్చినప్పుడు నాణెం మీది అక్షరాలు మీరు చదువుతారా? బొమ్మ చూసి జేబులో వేసుకుంటారు, అంతే గదా! ఏడువందల ఏళ్ళ కిందట ఇంగ్లండు ప్రజలు కూడా అలాగే చేసి నష్టపోయారు.

1279లో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు కొత్త వెండి పెన్నీలు వేయించాడు. ఒకవైపు కిరీటం పెట్టుకున్న రాజు ముఖం. రెండోవైపు అంచుదాకా పొడుగాటి శిలువ, దాని నాలుగు సందుల్లోనూ మూడేసి చుక్కలు. పెన్నీ తూకం గ్రామున్నరకు కొంచెం తక్కువ. అందులో నూటికి 92 పాళ్ళకు పైగా వెండి. కూలివాడు రోజంతా కష్టపడితే ఒకటి రెండు పెన్నీలు దొరికేవి.

ఆ రోజుల్లో ఇంగ్లండు ఉన్నిని సముద్రానికి అవతల, ఇప్పటి బెల్జియం ప్రాంతంలో ఉన్న నేతగాళ్ళు కొనేవారు. ఆ వర్తకంలో ఈ పెన్నీలకు మంచి పరపతి ఏర్పడింది. అది చూసి అక్కడి ఫ్లాండర్స్, బ్రబాంట్, హేనో ప్రభువులు తామూ అలాంటి నాణేలే వేయించసాగారు. అదే శిలువ, అవే చుక్కలు. కాని చాలావాటిలో వెండి కాస్త తక్కువ. అలా మిగిలిన వెండి వారికి లాభం.

విచిత్రమేమిటంటే, వాళ్ళు తమ పేరు దాచలేదు! ఫ్లాండర్స్ ప్రభువు గై తన నాణెం మీద తన పేరే చెక్కించాడు. ముఖానికి కిరీటం కూడా లేదు. కొన్నిటి మీద బోడితల, కొన్నిటి మీద పూలదండ చుట్టిన తల. కాని చదువు వచ్చినవారు బహు కొద్దిమంది. శిలువా చుక్కలూ చూసి అందరూ తీసుకున్నారు. వీటిని పొలార్డులనీ, క్రాకార్డులనీ అనేవారు.

వర్తకులు వీటిని ఓడల్లో తెచ్చి ఉన్ని కొన్నారు. మంచి పెన్నీలు దేశం దాటిపోయాయి. 1299లో ఎడ్వర్డు వీటి దిగుమతిని నిషేధించాడు. ఆ ఏడు క్రిస్మస్ నుంచి ఇవి అర పెన్నీకే చెల్లుతాయన్నాడు. 1300 ఈస్టర్ తరవాత అసలే చెల్లకుండా చేశాడు.

కష్టపడి పది పొలార్డులు కూడబెట్టినవాడి గతి ఏమిటి? పది పెన్నీల సొమ్ము ఐదు పెన్నీలయింది! వేయించిన ప్రభువులు లాభం ఏనాడో తీసుకున్నారు. నష్టం మటుకు చివరకు ఎవరి చేతిలో ఉన్నదో వారిదే.

అయినా ఈ పని ఆగలేదు. తరవాత లక్సెంబర్గు నుంచి మరీ నాసి పెన్నీలు వచ్చాయి. 1351లో అలాంటివి తెలిసి దేశంలోకి తేవటం రాజద్రోహమని చట్టం చేయవలసి వచ్చింది.

ఈసారి మీ చేతికి నాణెం వస్తే, బొమ్మతోపాటు దాని మీది ప్రతి అక్షరమూ చదివి చూడండి.