మిత్రలాభం, మిత్రభేదం

బడిలో తెలుగు చదువుకున్నవారికి చిన్నయసూరి నీతిచంద్రికను పరిచయం చేయనక్కరలేదు. అందులో మొదటిది మిత్రలాభం, రెండవది మిత్రభేదం. తెలుగుదేశంలో వామపక్షాల ఎన్నికల పొత్తులు ఎట్లా పుట్టి, పెరిగి, క్షీణించినవో పరిశీలించేవారికి ఈ రెండు మాటలకంటె తగిన శీర్షిక దొరకదు. ఆ పొత్తుల మంచిచెడ్డలు రెండూ అనుభవించినవారిలో మన్యప్రజలు ముఖ్యులు. కావున గూడెం కొత్తవీధివంటి కొండసీమను కన్నుల ముందుంచుకొని ఈ విషయాన్ని విచారించడం సబబు.

మిత్రలాభంలోని పావురాల కథ అందరికీ తెలిసినదే. వలలో చిక్కిన పావురాలన్నీ ఒక్కసారి రెక్కలు విప్పి వలతోకూడ ఎగిరిపోయినవి. ఐకమత్యానికి ఉదాహరణగా ఇంతవరకే చెప్పి ఊరుకుంటాము. అసలు నీతి దాని తరువాత ఉన్నది. హిరణ్యకుడనే ఎలుక తన మిత్రుడైన చిత్రగ్రీవుని కట్లు ముందుగా కొరకబోగా, ముందు తనవారి కట్లు తెంచుమని ఆ కపోతరాజు కోరినాడు. ఏ రాజకీయ కూటమికైనా ఇదే గీటురాయి. కలిసి ఎగిరినారా అన్నది మొదటి ప్రశ్న. ఎవరి కట్లు ముందు తెగినవి అన్నది రెండవ ప్రశ్న. ఈ రెండవదానికి సరియైన సమాధానం చెప్పగలిగినంతకాలమే కూటమికి బలము, గౌరవము.

1952 నాటి హైదరాబాదు రాష్ట్రాన్ని చూడండి. కమ్యూనిస్టు పార్టీమీద నిషేధం ఉన్నందువల్ల దాని అభ్యర్థులు పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంటు పేరిట నిలిచినారు. 175 స్థానాల శాసనసభలో 42 స్థానాలు గెలిచినారు. నల్లగొండనుంచి రావి నారాయణరెడ్డి గారు ప్రధాని నెహ్రూకంటె ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు ఎన్నికైనారు. ఆ ఫ్రంటుకు పునాది సీట్ల పంపకం కాదు. దున్నేవానికి భూమి దక్కవలెను, వెట్టిచాకిరి పోవలెను అన్న కోరికే దానిని నిలబెట్టినది. జనానికి వల ఏదో తెలుసు, వలను కొరికేవారెవరో కూడా తెలుసు.

1955లో ఆంధ్రరాష్ట్రంలో జరిగిన మధ్యంతర ఎన్నికలు మరొక పాఠం నేర్పినవి. ఈసారి ఐక్యత ఎదుటిపక్షానిది. కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీ, ప్రజాపార్టీ ఒక్కటై 196 స్థానాలలో 146 గెలిచినవి. కమ్యూనిస్టులకు నూటికి 31 వంతుల దాకా ఓట్లు వచ్చినవి. స్థానాలు మాత్రం 15. ఓట్లు పెరిగి కూడా సీట్లు తరిగినవి. ఒంటరిగా నిలిచినవాడు మూడోవంతు జనాన్ని మెప్పించినా మన ఎన్నికల పద్ధతిలో సభకు వెలుపలనే ఉండవలసి రావచ్చునని ఆ లెక్క తేల్చి చెప్పినది. తరువాతి కాలంలో పొత్తుల ఆరాటం అంతగా పెరగడానికి ఇదొక కారణం.

1962లో మళ్ళీ 51 స్థానాలు దక్కినవి. కాని 1964లో పార్టీ రెండుగా చీలినది. 1967లో రెండు పక్షాలకూ కలిపి వచ్చిన స్థానాలు ఆ 51లో సగమైనా లేవు. మిత్రభేదంలో సింహానికీ ఎద్దుకూ మధ్య కలహం పెట్టడానికి దమనకుడనే నక్క అవసరమైనది. ఇక్కడ ఆ శ్రమ ఎవరికీ అక్కరలేకపోయినది.

ఇక మన్యానికి వద్దాము. 1922లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు ఠాణాను ముట్టడించిన సీమ ఇది. ఆయన అనుచరుడు గాం మల్లుదొర 1952లో విశాఖపట్నంనుంచి స్వతంత్రుడుగా లోక్‌సభకు వెళ్ళినారు. కొండవారు మనిషిని చూసి, అతడు పడిన కష్టాన్ని చూసి ఓటు వేసినారు. గూడెం కొత్తవీధి అప్పటి చింతపల్లి శాసనసభ నియోజకవర్గంలో ఉన్న కాలంలో, 1994లోను 2004లోను, సి.పి.ఐ. అభ్యర్థి గొడ్డేటి దేముడు గారు అక్కడినుంచి గెలిచినారు. మొదటిసారి పొత్తు తెలుగుదేశంతో, రెండవసారి కాంగ్రెసుతో. నడుమ 1999లో వామపక్షాలు పెద్ద పక్షాల అండ లేకుండా నిలిచినప్పుడు రాష్ట్రం మొత్తంమీద సి.పి.ఐ.కి ఒక్క స్థానమూ రాలేదు. సి.పి.ఎం.కు వచ్చినవి రెండే.

ఈ అంకెలు చూసి, పొత్తు లేనిదే బ్రతుకు లేదని కొందరంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. పొత్తువల్ల మేలు జరగలేదనడం కూడా అన్యాయమే. 2004లో కేంద్రప్రభుత్వానికి వామపక్షాల సభ్యులు అరవైమంది దాకా వెలుపలినుంచి మద్దతు ఇచ్చినారు. ఆ కాలంలోనే 2005లో గ్రామీణ ఉపాధిహామీ చట్టం, 2006లో అటవీహక్కుల చట్టం వచ్చినవి. తరతరాలుగా పోడు చేసుకుంటున్న గిరిజనుడు తన భూమిలోనే దొంగగా నిలబడవలసిన దుస్థితికి చట్టం మొదటిసారి స్పష్టంగా స్వస్తి చెప్పినది. ఇక్కడ కట్లు నిజంగా తెగినవి.

అయితే 2008 జులైలో అణు ఒప్పందం విషయమై వామపక్షాలు మద్దతు ఉపసంహరించినవి. పట్టాల పంపిణీ సాగుతున్న రోజులవి. పంచిన చెయ్యి అధికారపక్షానిది. చట్టంకోసం ఒత్తిడి తెచ్చినవారు 2009 ఎన్నికలనాటికి తెలుగుదేశంవారి మహాకూటమిలో చేరి ఎదుట నిలిచినారు. నియోజకవర్గాల పునర్విభజనలో చింతపల్లి స్థానం పోయి, కొత్తవీధి పాడేరులో కలిసినది. అక్కడ దేముడు గారు కాంగ్రెసు అభ్యర్థి చేతిలో ఓడినారు. అణు ఒప్పందానికీ పోడుపట్టాకూ గల సంబంధాన్ని కొండమీది ఓటరుకు విడమరచి చెప్పే ఓపిక ఎవరికి ఉన్నది?

ఆ తరువాతి కథ చిన్నది. 2019లో జనసేన, బహుజన సమాజ్ పార్టీలతో పొత్తు. 2024లో కాంగ్రెసుతో పొత్తు. రెండుసార్లూ ఆంధ్రప్రదేశ్ శాసనసభలో వామపక్షాలకు స్థానం లేదు. 2019లో అరకు లోక్‌సభ స్థానంనుంచి గెలిచిన గొడ్డేటి మాధవి గారు ఆ దేముడు గారి కుమార్తెయే. అయితే ఆమె నిలిచినది వైయస్సార్ కాంగ్రెసు పక్షాన. ఇందులో వ్యక్తిని తప్పుపట్టవలసినది ఏమీ లేదు. ఇంటిపేరుమీద జనానికి గల అభిమానం మిగిలినది, జెండా మారినది. క్షీణతకు ఇంతకంటె సూక్ష్మమైన సూచిక ఉండదు. ఎన్నికలనే బహిష్కరించుమన్న మరొక వామపక్షధార ఈ అడవులలో చాలాకాలం సాగినది. ఓటుపెట్టెను నమ్ముకొన్నవారి పని దానివల్ల మరింత కష్టమైనదన్న సంగతినీ మరువరాదు.

నా అభిప్రాయంలో దోషం పొత్తులో లేదు, పొత్తును ఉద్యమానికి బదులుగా భావించడంలో ఉన్నది. ఎరువు తెచ్చుకొన్న నగతో పెళ్ళి జరుగుతుంది గాని కాపురం జరగదు. మిత్రుని మార్చినప్పుడల్లా ఎందుకు మార్చినామో ఊరి సంతలో నిలబడి చెప్పగలగాలి. చెప్పలేనప్పుడు ఆ పొత్తు నాయకులదే అవుతుంది, జనానిది కాదు.

ఈ నష్టం ఒక పార్టీది మాత్రమే అయితే ఇంతగా విచారించనక్కరలేదు. గిరిజన భూములు గిరిజనేతరులకు పోకుండా చేసిన 1970 నాటి ఒకటవ రెగ్యులేషను ఉన్నది. గ్రామసభకు అధికారమిచ్చిన 1996 నాటి పెసా చట్టం ఉన్నది. 1997 నాటి సమతా తీర్పు ఉన్నది. జెర్రెల, చింతపల్లి కొండలలో బాక్సైటు తవ్వకానికి 2015లో అనుమతి వెలువడగా మన్యమంతా కదిలినది. గిరిజనులతో వామపక్షాలు, ఇతర పక్షాలు, సంఘాలు గొంతు కలిపినవి. చివరకు 2019లో ఆ అనుమతులు రద్దయినవి. సభలో స్థానం లేనప్పుడు కూడా కలిసి ఎగరడం సాధ్యమేనని ఇది చూపినది. కాని అన్ని వేళలా వీథిలోనే అడగడం పేదవాడికి బరువు. కూలి మానుకొని రావలె, కేసులు మోయవలె. సభలో అతనికొక గొంతు ఉండడం విలాసం కాదు, అవసరం.

ఆ గొంతు ఏ జెండా కిందినుంచి వచ్చినా మంచిదే. దానిని గుర్తించగల ఓటరును తయారుచేయడం మాత్రం బడిపని. ఉపాధ్యాయులు మన్యపు పిల్లలకు నీతిచంద్రిక చెప్పేటప్పుడు పావురాల కథను ఎగరడంతో ముగించక, కట్లు తెంచడందాకా చెప్పవలెనని నా మనవి. ఆ పిల్లలు పెద్దవారై ఓట్లడగ వచ్చినవారిని ఆ రెండవ ప్రశ్న అడిగినప్పుడు, సమాధానం చెప్పలేని కూటములు వాటంతటవే తొలగిపోతాయి.