కుక్క బొమ్మతో తెలుగు పాఠం

గ్రామఫోను బూరా ముందు తల ఓ పక్కకు వాల్చి కూర్చున్న తెల్లకుక్క మన పెద్దవాళ్లకు పాత నేస్తమే. ‘కుక్క బొమ్మ రికార్డు’ అంటే చాలు, అది హెచ్‌.ఎం.వి. వారిదని వేరే చెప్పనక్కర్లేదు. అలాంటి బొమ్మలను మన బడుల్లో తెలుగు పాఠానికి వాడుకోవాలన్నది మా అభిప్రాయం.

ఆ కుక్క పేరు నిప్పర్‌. 1884లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో పుట్టి, 1895లో చనిపోయింది. యజమాని సోదరుడు, చిత్రకారుడు ఫ్రాన్సిస్‌ బరాడ్‌ అది పోయాక దాన్ని తలచుకుని ఈ బొమ్మ వేశారు. మొదట అందులో ఉన్నది ఫోనోగ్రాఫు. 1899లో గ్రామఫోన్‌ కంపెనీ బొమ్మను కొంటూ తమ యంత్రాన్ని వేయమంది. పాత యంత్రం మీదే కొత్తది వేశారు. కుక్క మాత్రం అలాగే ఉంది.

ఈ బొమ్మ చూపి, ‘అది ఎవరి గొంతు వింటోంది?’ అని అడగండి. జవాబు పుస్తకంలో ఉండదు కనుక పిల్లలు సొంతంగా చెప్పాల్సిందే. హోసూరు పిల్లాడు ‘నాయ్‌’ అంటాడు, బళ్లారి పిల్ల ‘నాయి’ అంటుంది, షోలాపూర్‌లో ‘కుత్రా’ అంటారు. అననివ్వండి. కుక్క, శునకం, జాగిలం ఆ పక్కనే నల్లబల్ల మీదికి ఎక్కుతాయి.

పాత పిక్చర్‌ పోస్టుకార్డుల్లోనూ కుక్కలకు కొదవ లేదు. 1910లో బ్రిటిష్‌ రాజు ఏడవ ఎడ్వర్డు శవపేటిక వెనుక నడిచిన ఆయన పెంపుడు కుక్క సీజర్‌ కూడా కార్డులకెక్కింది. కార్డుకు ఒకవైపు బొమ్మ, రెండోవైపు చిరునామా పోగా అరచేయంత చోటు. నాలుగు వాక్యాలకు అది చాలు. పేజీ నింపమంటే బెదిరే పిల్లలు నాలుగు వాక్యాలకు జంకరు.

‘దీనికి మార్కులెక్కడివి?’ అని కొందరు అడుగుతారు. నిజమే, లేవు. కానీ చూసి రాయడంతోనే ఏళ్లు గడిపిన పిల్లలు పరీక్షలో సొంత వాక్యం రాయాల్సి వచ్చినప్పుడు ఆగిపోవడం మనం చూస్తూనే ఉన్నాం. రాష్ట్ర భాష బడిలోనూ బజారులోనూ ఎలాగూ వస్తుంది. తెలుగులో ఆలోచించి రాసే అలవాటు మనం చేయించకపోతే ఇంకెవరు చేయిస్తారు?

వారానికి ఒక్క పీరియడు, ఒక్క బొమ్మ, ఒక్క కార్డు చాలు. పిల్లలు రాసిన కార్డును ఊళ్లో ఉన్న అమ్మమ్మకో తాతయ్యకో పోస్టు చేయించండి. చదివేవాళ్లు ఒకరున్నారని తెలిస్తే పిల్లలు అక్షరం దిద్దుకుని మరీ రాస్తారు.